కారిన గింజ ఎవరిది?

నేను తాండూరు మార్కెట్ యార్డులో పనిచేసి రిటైరైన మనిషిని. సర్వీసంతా నేను రాసినవి నోటీసులే. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెడితే తప్ప నా కలం కదిలేది కాదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కనిపించినప్పుడల్లా, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏది?" అని అడుగుతుంటారు. కందుల ధర ఆకాశానికెక్కిన రోజో, అకాల వానకు కుప్పలు తడిసి రైతులు ఆఫీసును చుట్టుముట్టిన రోజో చెబుతాననుకుంటారు. అవీ ఉన్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి కాబట్టి తలుచుకోను. ఇష్టంగా గుర్తొచ్చేది ఒక్కటే. బొంబాయి నుంచి వచ్చిన ఒకామె మా యార్డులో చిల్లు బస్తా మోసిన రోజు.

మా ఇల్లు వికారాబాద్‌లో, ఉద్యోగం తాండూరులో. పొద్దున రైలెక్కి పోవడం, సాయంత్రం రైలెక్కి రావడం. ఈ రాకపోకల్లో నాకు లోకజ్ఞానం అబ్బిందని నేనంటాను, పేకాట అబ్బిందని మా ఆవిడ అంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో సిబ్బంది వార్షికోత్సవంలో రాజు వేషం వేశాను. నిండు సభలో గడ్డం ఊడి మంత్రి కాళ్ళ దగ్గర పడింది. చేసిన పాపం చెబితే పోతుందంటారు గాని, వేసిన వేషం రిటైరయ్యేదాకా పోదు. అప్పటినుంచి కళ అనే మాట ఎక్కడ వినిపించినా ఆ పని తెచ్చి నా మెడకు చుట్టేవాళ్ళు.

నా ఆఖరి కందుల సీజన్‌లో కూడా అదే జరిగింది. మా పెద్దసారు పిలిచాడు.

"వికారాబాద్‌ల కళల పండుగ పెడుతున్రు. బొంబాయి నుంచి ఒకామె వస్తున్నది. ఏందో కొత్త రకం కళనట, నోరు మెదపకుంట చేస్తదట. నువ్వు నాటకాలోనివి గద, జర అర్సుకో."

"నోరు మెదపని నాటకానికి నేనెందుకు సార్?"

"గడ్డం పడ్డంక నువ్వు గూడ నోరు మెదపలేదంట గద," అన్నాడు. ఆయన మా ఆఫీసుకు వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆ గడ్డం సంగతి ఎవడు మోశాడో గాని, బదిలీపై వచ్చే ప్రతి అధికారికీ చార్జితో పాటు అప్పగించేవారనుకుంటాను.

ఆమెను తీసుకురావడానికి వికారాబాద్ స్టేషన్‌కు వెళ్ళాను. బొంబాయి మనిషి కదా అని రాత్రంతా నాలుగు హిందీ ముక్కలు కూడబలుక్కున్నాను. దిగిన మనిషి నడివయసులో ఉంది. జుట్టు మగవాళ్ళలా కత్తిరించుకుంది, చెవులకు మాత్రం మా పల్లెల్లో ముసలమ్మలు పెట్టుకునే పెద్ద కమ్మలున్నాయి. నేను నా హిందీ తీశాను. ఆమె నవ్వింది.

"అన్నా, నాతోని మన మాటనే మాట్లాడు. పొద్దుగాల్నే మిమ్ముల తక్లీఫ్ పెట్టిన. నిమ్మలంగ పోదాం తీ, పని మాపటీలి గద."

నేను నిలబడిపోయాను. అది మా నాయనమ్మ తెలుగు. మాపటీలి అన్న మాట మా ఇంట్లో ఆమెతోనే పోయింది. ఇప్పుడు మా మనవలు దాన్ని ఈవినింగ్ అంటారు, నేను సాయంత్రం అంటాను. ఎక్కడో బొంబాయిలో పుట్టి పెరిగిన మనిషి దాన్ని పదిలంగా నోట్లో పెట్టుకుని తెచ్చింది. మధ్యమధ్య మరాఠీ దొర్లుతోంది గాని, మాట తీరు మాత్రం అచ్చం మాదే.

స్టేషన్ బయట చాయ్ తాగుతుంటే చాయ్ పోసే అవ్వ ఆమెను చూసి అడిగింది.

"ఏ ఊరు బిడ్డా మనది?"

మా వైపు ఎవరిని చూసినా మొదట అడిగేది ఆ మాటే. పెళ్ళి, పిల్లలు, జీతం అన్నీ ఆ తర్వాతే. అందరూ తడుముకోకుండా జవాబు చెప్పే ప్రశ్న అది. ఆమె మాత్రం చాయ్ గ్లాసు చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"తాండూరు అవుతల అవ్వా."

"అవుతల అంటే? బొంరాస్‌పేటనా, కొడంగల్ దిక్కా?"

"గది తెల్వది," అంది, తప్పు చేసిన పిల్లలాగా.

ఆ కథ నాకు అనంతగిరి గుట్ట ఎక్కుతూ ఆటోలో చెప్పింది. ఆమెకు బస అక్కడే ఇచ్చారు. ఆమె ముత్తవ్వ తాండూరు అవతల ఏదో ఊళ్ళో దొర ఇంట్లో వెట్టి చేసేది. మొగుడు పోయాడు. ఒకనాడు తెల్లవారుజామున చిన్నపిల్లను వెంటబెట్టుకుని, దారిలో గుగ్గిళ్ళు వేసుకోవడానికి కందుల సంచి ఒకటి భుజాన వేసుకుని ఊరు విడిచింది. సంచికి చిల్లు ఉన్న సంగతి చూసుకోలేదు. వెనక నడుస్తున్న పిల్ల, రాలుతున్న కందులు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. తల్లి తిరిగి ఒక్కటిచ్చింది. ఎనుకకు చూస్తే కాళ్ళు ఇరుగ్గొడతా అంది. ఆ తర్వాత తల్లీ పిల్లా మళ్ళీ వెనక్కు చూడలేదు. తాండూరులో రైలెక్కి బొంబాయిలో దిగేసరికి సంచిలో పిడికెడు మిగిలాయట. తల్లి అక్కడ మేడలకు మట్టీ రాయీ మోసి చచ్చిపోయిందే గాని, ఊరి పేరు మాత్రం చెప్పలేదు. దొర మనుషులు ఎక్కడ వస్తారోనని ఆమెకు చివరిదాకా భయమే.

"ఆ పిల్లనే మా అవ్వ. నన్ను పెంచింది ఆమెనే. ఆమెకు యాదికున్నయి మూడే ముచ్చట్లు అన్నా. చెంప దెబ్బ, దారెంట కందులు, ఇగ ఎనుకకెంచి ఎవరో పిలిచిన్రు. ఎవరో తెల్వది, ఏమని పిలిచిన్రో తెల్వది. పట్టుకపోను వచ్చిన్రనే అనుకున్నది పాపం. సచ్చేదాక నిద్రల ఉలిక్కిపడేది."

ఆమె చేసే కళ అదే. చిల్లు బస్తా భుజాన వేసుకుని వెనక్కు చూడకుండా నడుస్తుంది. బస్తా ఖాళీ అయ్యాక ఆగి, తిరిగి, రాలిన గింజలన్నీ ఏరుకుంటూ మొదలుపెట్టిన చోటికి వస్తుంది. వాళ్ళ అవ్వను ఏరనివ్వలేదు కాబట్టి తను ఏరుతుంది. పరాయి దేశాల్లో కూడా ఈ నడక నడిచిందట. చూసినవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట.

"చప్పట్లు మస్తు కొట్టిన్రు. గాని వాండ్లకు అది కథ. బొంబాయిల మమ్ముల తెలుగోళ్ళంటరు. ఈడికొస్తే నన్ను మరాఠామె అంటున్రు. అందుకే ఈడ ఒక్కసారి నడుస్త. ఈడ గూడ ఎవరికి పట్టకపోతే, ఇగ మనకు ఊరు లేదే అని అవ్వకు చెప్పుకొని ఊకుంట. బస్తా గూడ మల్ల ఎత్తను."

నేను గవర్నమెంటు మనిషిని. "అట్లెందుకైతది మేడం, అన్ని ఏర్పాట్లు చేసినం" అన్నాను. ఏర్పాట్లు ఎలా ఉన్నాయో వినండి.

వికారాబాద్‌లో ఆ ఫంక్షన్ హాలు నేల అద్దంలా మెరుస్తుంది. వ్యాఖ్యాత ఆమెను పరిచయం చేస్తూ ఇప్పుడు ఏకపాత్రాభినయం అన్నాడు. జనం డైలాగుల కోసం సర్దుకుని కూర్చున్నారు. ఆమె బస్తా ఎత్తుకుని నడిచింది. కందులు ఆ నున్నటి నేల మీద గీతలా నిలవడానికి ససేమిరా అన్నాయి. కుర్చీల కిందికి, చెప్పుల సందుల్లోకి, వేదిక మెట్ల దాకా దొర్లిపోయాయి. సన్మానానికి శాలువా పట్టుకుని లేచిన ఒక పెద్దమనిషి వాటి మీద కాలు వేసి సర్రున జారాడు. ఇద్దరు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. జనం మొదటిసారి గట్టిగా చప్పట్లు కొట్టింది అప్పుడే. బడిపిల్లలు కేరింతలు కొడుతూ గింజలు ఏరి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. నా పక్కనున్నాయన, "అసలు ఆట ఎప్పుడు షురూ అయితది సార్?" అని అడిగాడు. నాకు కథ తెలుసు కాబట్టి మనసుకు కష్టంగా ఉంది. తెలియకపోతే నేనూ అదే అడిగేవాడిని.

అందరూ భోజనాలకు లేచారు. ఆమె ఒక్కతే మోకాళ్ళ మీద కూర్చుని కుర్చీల కింద గింజలు ఏరుతోంది. నేను కూడా కూర్చుని ఏరబోతే వద్దంది. బయటికి వచ్చాక ఒక విలేకరి ఫోను ముందుకు చాపి, "మేడం, మీ సొంతూరు ఏది?" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపుకు నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, మా ఏర్పాట్ల మీద. ఆ కోపంలోనే అనేశాను.

"ఇక్కడ గాదు మేడం. కందులు కావాల్నంటే మా యార్డుకు రండ్రి. నేల మట్టినేల, గింజ వేసిన కాడ్నే ఉంటది. మీ ముత్తవ్వ రైలెక్కింది గూడ ఆ ఊర్లనే గద."

అనడమైతే అన్నాను గాని, మర్నాడు పెద్దసారును అడిగేటప్పుడు నా గొంతు నాకే వినబడలేదు. సీజన్ మంచి ఊపు మీద ఉంది. యార్డు నిండా కంది కుప్పలు, ట్రాక్టర్లు. ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "బేరాలు అయిపోయినంక పెట్టుకోండ్రి. జల్ది కావాలె. ఏమన్న అయితే నాకు తెల్వది" అన్నాడు. మా ఆఫీసులో దాన్ని అనుమతి అనే అంటారు.

తర్వాత హమాలీల మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. బస్తాలు ఎత్తే, దించే వాళ్ళందరికీ ఆయనే పెద్ద. ఆయన విషయం విని చెవిలో బీడీ తీసి మళ్ళీ చెవిలోనే పెట్టుకున్నాడు.

"మేము ఇంతమందిమి ఉండంగ ఆడామెతోని బస్తా మోపిస్తరా సార్? రేపు నలుగురు ఏమంటరు?"

"అది ఆట మేస్త్రీ."

"ఆటైనా పాటైనా బస్తా బస్తానే గద. చిల్లున్న బస్తా మోస్తే మా ఇజ్జత్ ఏం గావాలె? కుట్టిస్త తీ, సుతిల్ దారం ఉన్నది."

"చిల్లు ఉండాలె. అదే ఆట."

ఆయన నన్ను జాలిగా చూశాడు. రిటైర్మెంటు దగ్గర పడితే కొందరికి ఇలాగే అవుతుందని అనుకుని ఉంటాడు. అయినా పెద్దమనసుతో యార్డంతా తిరిగి హుకుం వేశాడు. ఆమెను గాని, ఆమె బస్తాను గాని ఎవ్వరూ ముట్టుకోవద్దు. హమాలీలకు, కాంటా పెట్టే దడవాయిలకు, ఊడ్చే ఆడవాళ్ళకు, అందరికీ చెప్పాడు. అంతకన్నా పక్కాగా ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ మీకు ఊడ్చే ఆడవాళ్ళ సంగతి చెప్పాలి. కుప్పలు పోసి, ఎత్తి, తూచే చోట ఎంత జాగ్రత్తగా ఉన్నా గింజ రాలుతుంది. దాన్ని ఊడ్చి, చాటల్లో చెరిగి, మాపటికి అందరివీ ఒక్కచోట కలిపి, తలా ఒక కుప్ప పంచుకుంటారు. పంచేది వాళ్ళలో పెద్దదైన ఒక ముసలమ్మ. ఆమె మాట మార్కెట్ కమిటీ చైర్మన్ మాట కన్నా గట్టిది. "సంచిల ఉన్నంతసేపు రైతుది, కాంటా ఎక్కితే సేటుది, కింద పడ్డది మాది" అనేది ఆమె. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కారే బస్తా కనిపిస్తే ముందు మోసేవాడిని పిలిచి చెప్పాలి. చెప్పకుండా ఊడ్చుకుంటే దొంగతనం. చెప్పినా ఆగకపోతే వాడి ఖర్మ, గింజ వీళ్ళది. ఈ కట్టుబాటు మా నిబంధనల పుస్తకంలో ఎక్కడా లేదు. అందువల్లే దాన్ని అందరూ పాటించేవారు.

ఆ రోజు మధ్యాహ్నం బేరాలు ముగిశాయి. ఎండ చల్లబడింది. రైతులు, సేట్లు, అవతల కర్ణాటక నుంచి కందులు తెచ్చినవాళ్ళు షెడ్ల కింద గుమిగూడారు. పెద్దసారు ఆఫీసు మెట్ల మీద కుర్చీ వేయించుకున్నాడు. నేను ఆయన పక్కన నిలబడ్డాను. ఆమె గేటు దగ్గర బస్తా ఎత్తుకుంది. అవతలి చివర గోడ దాకా నడవాలి. గేటు బయట రోడ్డు పట్టుకుని పోతే రైల్వే స్టేషన్.

ఆమె నడక మొదలుపెట్టింది. హాల్లో చూసినదానికీ దీనికీ పోలికే లేదు. మట్టినేల మీద కందులు ఎర్రటి దారంలా పడుతూ వస్తున్నాయి. మెడ వంచకుండా, పక్కకు చూడకుండా నడుస్తోంది. షెడ్ల కింద మాటలు తగ్గిపోయాయి. బస్తా అంటే ఏమిటో తెలిసిన జనం వాళ్ళు. ఆ బరువు ఆమె నడుము మీద ఎక్కడ పడుతోందో అందరికీ తెలుస్తోంది. ఒక ముసలి రైతు, "పాపం, ఏ ఊరి ఆడబిడ్డనో" అన్నాడు. నాకు ఆశ పుట్టింది.

అంతలోనే కేక వినిపించింది.

"ఓ బిడ్డా! బస్తా కారుతున్నదే! ఆగు!"

ముసలమ్మ. ఆమె వెనకనే మరో ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. ఒకామె కన్నడంలో, ఒకామె లంబాడీలో. "ఆగమ్మా, కారుతున్నది!" బొంబాయామె ఆగలేదు. వెనక్కు చూడకపోవడమే కదా ఆమె కళ. వాళ్ళు గొంతు చించుకుని పిలిచారు. పిలవాల్సినంత పిలిచి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, చీపుర్లు తీశారు.

"ఆగండ్రి! ఊడ్వకుండ్రి!" అంటూ మెట్లు దిగి పరుగెత్తాను. అటు ఒక ట్రాక్టరు స్టార్టయింది. నా మాట నాకే వినబడలేదు, చెప్పు తెగి ఒక కాలి మీద గెంతుతూ పోతున్నాను. వాళ్ళు అలవాటైన చేతులతో ఆమె అడుగుల వెంటే ఊడ్చుకుంటూ వెళ్ళిపోయారు. ఆమెను ముట్టలేదు. బస్తాను ముట్టలేదు. మేస్త్రి హుకుం అక్షరాలా పాటించారు.

ఆమె గోడ దగ్గర ఆగింది. ఖాళీ బస్తా భుజం మీంచి జారింది. ఒక్క క్షణం అలాగే ఉండి, వెనక్కు తిరిగింది.

నేల మీద ఒక్క గింజ లేదు. చీపురు గీతలు మాత్రం ఉన్నాయి. ఎదురుగా చాటలు పట్టుకుని వరసగా ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు.

మెట్ల మీద పెద్దసారు తల పట్టుకున్నాడు. ఆమె మొహంలో రక్తం లేదు. ఈడ గూడ ఎవరికి పట్టకపోతే ఊకుంట అన్న మాట నా చెవుల్లో తిరుగుతోంది. మనిషిని పిలిపించుకుని, ఆమెకు మిగిలిన ఆ కాస్త దారిని కూడా ఊడ్చి పారేశాం కదా అని నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ముందుగా నోరు తెరిచింది ముసలమ్మే. ఆమెకు కోపంగా ఉంది.

"గట్ల సూస్తవేంది? ఎంత పిలిచినా పల్కకపోతివి. గొంతు పోయేటట్టు ఒర్లినం. చెవుడా ఏంది నీకు?"

"ఏమని పిలిచిన్రు?" అంది బొంబాయామె.

"ఏమని పిలుస్తరు? బస్తా కారుతున్నది, ఆగు బిడ్డా అని పిలిచినం."

ఆమె మట్టిలో అలాగే కూలబడింది. నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు ముసలమ్మకు చెప్పింది, నాకు ఆటోలో చెప్పినదంతా. సంచి, చిల్లు, చెంప దెబ్బ, వెనక నుంచి పిలుపు. చుట్టూ ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. మగవాళ్ళు కొంచెం దూరంగా నిలబడి విన్నారు.

"పట్టుకపోను వచ్చిన్రనే అనుకున్నది మా అవ్వ. బతికినన్ని దినాలు గదే భయం," అంది.

ముసలమ్మ కోపం దిగిపోయింది. చాట కింద పెట్టి తనూ ఎదురుగా కూర్చుంది.

"ఏమో బిడ్డా. ఎవరు పిలిచిన్రో నేనెట్ల చెప్త? దొర మనుషులే పిలిచిన్రో ఏమో. గాని కారే సంచిని సూస్తే ఎవరైన గట్లనే పిలుస్తరు గద. మేము పిలువలేదా?"

ఆమె కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. ముసలమ్మ తన చాట ఆమె ముందుకు జరిపింది. దాంట్లో చెరిగిన కందులు శుభ్రంగా ఉన్నాయి.

"ఇంతకు ఆ పిల్లను ఏరనియ్యలేదంటవు. భయంతోని కొట్టి ఉంటది, పాపం. ఇగో, మేము ఏరినం. ఒక్క గింజ ఇడువలే. సూస్కో."

నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. ఆమె ఇన్నేళ్ళు దేశదేశాల్లో ఒక్కతే మోకాళ్ళ మీద కూర్చుని ఏరుతూ వచ్చింది. వెనక ఏరేవాళ్ళు ఉంటారని ఆమెకు ఎన్నడూ తోచలేదు, నాకూ తోచలేదు. పక్కన మేస్త్రి చెవిలో బీడీ తీసి వెలిగించడం మరిచిపోయి అలాగే పట్టుకున్నాడు.

అక్కడితో అయిపోతే కథ బాగుండేది. కాని అది యార్డు. ముసలమ్మ ఆ చాట ఆమె ఒళ్ళో పోయబోతుంటే, ఊడ్చేవాళ్ళలో పడుచుది ఒకతె నడుం మీద చెయ్యి పెట్టుకుని ముందుకు వచ్చింది.

"అవ్వా, ముచ్చట ముచ్చటే, కుప్ప కుప్పనే. పిలిచినంక కారింది. మనదే అయితది. ఆమెకెట్ల ఇస్తవ్? ఊడ్సినోళ్ళకే కుప్ప."

"నోరు ముయ్యే," అంది ముసలమ్మ.

"ఎందుకు ముయ్యాలె? రేపు ఇంకొగామె ఏడ్సుకుంట వస్తది. ఆమెకు గూడ ఇస్తవా?"

పెద్దసారు మెట్ల మీంచి ఏదో అనబోయాడు. బొంబాయామె కళ్ళు తుడుచుకుని లేచింది.

"చెల్లె అన్నది నిజమే అవ్వా. ఊడ్సినోళ్ళకే కుప్ప. నాకు గూడ ఒక పొరక ఇయ్యున్రి."

చీపురు ఇచ్చింది ఆ పడుచుదే. ఇచ్చి ఊరుకోలేదు. పొద్దు వాలేదాకా ఆమె వెంటే ఉండి, "గట్ల గాదు, దుమ్ము లేస్తున్నది", "నడుము వంచు, ఏం బొంబాయి నడుమమ్మా అది" అని సతాయిస్తూనే ఉంది. జనం మెల్లగా చెదిరిపోయారు. ఫోనుల్లో తీసేవాళ్ళు కూడా విసుగు పుట్టి వెళ్ళిపోయారు. ఆమె ఊడుస్తూనే ఉంది. అది కళో పనో నాకు తెలియలేదు, ఆమెకు కూడా తెలిసి ఉండదు. మాపటికి ముసలమ్మ కుప్పలు పెట్టింది. అన్నిటి పక్కన కొత్తగా ఇంకొకటి. పడుచుది దాన్ని అటూ ఇటూ చూసి, "ఇది సన్నగున్నది, ఇంకో దోసెడు పొయ్యి" అంది.

బొంబాయామె తన కుప్పను ఆ చిల్లు బస్తాలోనే పోసుకోబోతే మేస్త్రి లాక్కున్నాడు. సుతిల్‌తో చిల్లు కుట్టి ఇచ్చాడు. అప్పుడు గాని ఆయన మనసు నిమ్మళించలేదు.

"ఇంకో మాట బిడ్డా," అంది ముసలమ్మ. "మా దాంట్ల ఏడాదికి ఒక్కనాడన్న పొరక పట్టకుంటే జాగ పోతది. వస్తే నీ కుప్ప నీకుంటది. రాకుంటే మల్ల అడుగొద్దు."

మర్నాడు పెద్దసారు జిల్లా అంతా ఫోన్లు చేసి, ఊడ్చే ఆడవాళ్ళను కార్యక్రమంలో కలపాలన్న ఆలోచన తనదేనని చెప్పుకున్నాడు. నేను కాదనలేదు. పిల్లలూ, పై అధికారికి మంచి ఆలోచన వచ్చిందని ఒప్పుకోవడం కూడా ఉద్యోగధర్మమే. మీకు ముందు ముందు పనికొస్తుంది. ఇంకొకటి కూడా చెబుతాను. నేను ఆ రోజు ఒంటి చెప్పుతో పరుగెత్తి వాళ్ళను ఆపగలిగి ఉంటే, కార్యక్రమం అనుకున్నట్టే పద్ధతిగా జరిగేది. ఆమె చప్పట్లు కొట్టించుకుని, ఊరు లేని మనిషిగానే రైలెక్కి వెళ్ళిపోయేది. సర్వీసులో నేను చేయలేకపోయిన పనుల్లో దాన్ని తలుచుకున్నంత సంతోషంగా ఇంకొకదాన్ని తలుచుకోను.

తర్వాతి కందుల సీజన్‌కు నేను రిటైరై ఇంట్లో ఉన్నాను. ఒకరోజు ఆమె ఫోన్ చేసింది.

"అన్నా, వస్తున్న. నడువను, బస్తా లేదు. జాగ పోతది గద, పొరక పట్టి పోత."

నేను నా పాత పొద్దుటి రైలెక్కి వెళ్ళి, తాండూరు స్టేషన్‌లో దిగిన ఆమెను కలుసుకున్నాను. ఇద్దరం యార్డుకు నడిచాం. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్. నన్ను ఎరగడు. ఇన్నేళ్ళు సెల్యూట్లు అందుకున్న గేటు దగ్గర నన్ను ఆపితే కొంచెం కష్టంగానే ఉంటుంది, చెప్పొద్దూ.

"ఎవరు మీరు? రైతులా, సేట్లా? ఏ ఊరమ్మా మీది?"

నేను చప్పున ఆమె వైపు చూశాను. ఆమె గొంతు సవరించుకుంది.

"మాది బొంబాయి. అంటే, ఎన్కట తాండూరు అవుతల..."

లోపల షెడ్డు కింద నుంచి కేక వచ్చింది. ఆ పడుచుదే. చేతిలో చీపురు, నడుం మీద చెయ్యి.

"ఏయ్, ఆమెనేమడుగుతున్నవ్? ఆమె మా ఆమె! ఆమె కుప్ప ఉన్నది ఈడ. లోపలికి ఇడువు!"

బొంబాయామె చీర కొంగు నడుముకు చుట్టుకుని గేటు దాటింది. వాచ్‌మన్ నాకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మరి ఈ సారు?"

పడుచుది నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఆయన రిటైరైపాయె. ఆమెతోని వచ్చిండు, రానియ్యి."